కేన్ ఎవరో మాకు చెప్పకండి
ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ నిర్వాహకులకు బహిరంగ లేఖ



మీ సంస్థను 5,500 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు సౌదీ అరేబియా ప్రభుత్వ పెట్టుబడి నిధి, దాని భాగస్వాములు 2025 సెప్టెంబరులో ప్రకటించారు. అంత పెద్ద లెక్కలో ‘కమాండ్ అండ్ కాంకర్’ అనే పాత స్ట్రాటజీ ఆటల వరస ఎంతకు వస్తుందో మీ గణకులకే తెలియాలి. ఆ ఆటలు మొదలై అదే ఏడాదికి 30 ఏళ్లు నిండాయి. ఆస్తి చేతులు మారేటప్పుడు పాత పెట్టెలు తెరుస్తారు. ఏది అమ్ముడుపోతుందో చూస్తారు. అప్పుడు ఎవరో ఒకరు ‘కేన్‌ను మళ్లీ తెద్దాం, ఈసారి అతనెవరో పూర్తిగా చెప్పేద్దాం’ అంటారు. ఆ మాట ఎవరూ అనకముందే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నా మనవి రెండు ముక్కల్లో చెప్పొచ్చు. కేన్ గురించి తీర్పు చెప్పకండి. మీ దగ్గర ఉన్న సాక్ష్యాలు మాత్రం బయటపెట్టండి.

ఆట ఎరగని పాఠకుల కోసం కొంత నేపథ్యం. అమెరికాలోని లాస్ వేగస్‌లో 1985లో పుట్టిన వెస్ట్‌వుడ్ స్టూడియోస్ 1992లో ‘డ్యూన్ 2’, 1995లో ‘కమాండ్ అండ్ కాంకర్’ తయారుచేసింది. కథ ప్రకారం ఇటలీలో టైబర్ నది దగ్గర ఒక ఉల్క పడుతుంది. దాంతోపాటు టైబీరియం అనే ఆకుపచ్చ స్ఫటికం భూమ్మీద మొలకెత్తుతుంది. అది నేలలోని లోహాలను పీల్చి పైకి తెస్తుంది, తాకిన మనిషిని చంపుతుంది. దానికోసం రెండు పక్షాలు కొట్టుకుంటాయి. ఒకటి ఐక్యరాజ్యసమితి అండ ఉన్న జీడీఐ. రెండోది బ్రదర్‌హుడ్ ఆఫ్ నాడ్ అనే రహస్య మత సైన్యం. నాడ్ నాయకుడే కేన్. బోడిగుండు, చిన్న గడ్డం, తొణకని గొంతు. 1995 నుంచి 2010 దాకా ఆ పాత్రను జోసెఫ్ కుకన్ ఒక్కరే పోషించారు. వెస్ట్‌వుడ్‌లో ఆ వీడియో దృశ్యాలకు దర్శకత్వం వహించింది కూడా ఆయనే.

కేన్ చావడు. యుద్ధంలో చచ్చినట్టే కనిపిస్తాడు, తర్వాతి ఆటలో మళ్లీ తెర మీదికి వస్తాడు, వయసు కూడా పైబడదు. ఎందుకన్న ప్రశ్న మీద 30 ఏళ్లుగా అభిమానులు థియరీలు అల్లుతూనే ఉన్నారు. బయటివాళ్లకు అది పనిలేనివాళ్ల పనిలా కనబడవచ్చు. మీరు కూడా అలాగే అనుకుంటే, మీ చేతిలో ఉన్నదేమిటో మీకు తెలియనట్టే.

ఈ థియరీలు ఊరికే పుట్టలేదు. ఈ ఆటల నిర్మాణంలోనే వాటికి చోటుంది. సినిమాకు ఒక ముగింపు ఉంటుంది. పక్షానికో కథ ఉన్న ఇలాంటి స్ట్రాటజీ ఆటకు కనీసం రెండు ఉంటాయి. 1995 నాటి ఆటలో జీడీఐ తరఫున ఆడితే సారాయెవోలోని నాడ్ ఆలయం కూలుతుంది. నాడ్ తరఫున ఆడితే జీడీఐ వాళ్ల అయాన్ ఫిరంగి అనే ఉపగ్రహ ఆయుధాన్నే దారిమళ్లించి వైట్‌హౌస్, ఈఫిల్ టవర్, బ్రిటన్ పార్లమెంటు, బ్రాండెన్‌బర్గ్ గేట్‌లలో మీకు నచ్చినదాన్ని కాల్చేయవచ్చు. రెండూ మేం గెలిచిన యుద్ధాలే. రెండూ నిజం కావడం మాత్రం కుదరదు. తర్వాతి ఆట వచ్చినప్పుడు ఒక చరిత్ర చెల్లుతుంది, ఇంకోటి చెత్తబుట్టలోకి పోతుంది. చేతులారా గెలిచిన యుద్ధం జరగనే లేదని చెబితే, జరిగి ఉంటే ఏమయ్యేదని ఆటగాడు ఆలోచించకుండా ఉంటాడా?

ఇంకో కారణం ఉంది. ఈ కథను మాకు చెప్పేవాళ్లలో తటస్థులు లేరు. మిషన్‌కు ముందు సేనాని ఆదేశం, మధ్యలో టీవీ వార్త, కేన్ ప్రసంగం, యుద్ధ కంప్యూటర్ చదివే ఫైలు. ఇవన్నీ ఎవరో ఒకరి ప్రయోజనం కోసం చెప్పే మాటలే. మొదటి ఆటలో నాడ్ గురించిన వివరాలు చూపిస్తూ, స్థాపించిన తేదీ తెలియదని, క్రీస్తుపూర్వం 1800కు ముందేనన్న నివేదికలు అతిశయోక్తులని అంటారు. ఆ ‘అతిశయోక్తి’ అన్న ముద్ర వేసింది ఎవరు? శత్రువు. అంటే నమ్మాలా, వద్దా? రచయిత ఒకే ఒక్క వాక్యంలో సమాచారం, అనుమానం రెండూ ఇచ్చేశాడు. మంచి థియరీలు ఇలాంటి చోటే మొలుస్తాయి.

కేన్ సంగతే చూడండి. బైబిల్ చదివిన తెలుగువాళ్లకు ఆ పేరు వినగానే కయీను గుర్తొస్తాడు. తమ్ముడు హేబెలును చంపి, దేవుడి శాపంతో పాటు ఎవరూ తనను చంపకుండా ఒక గుర్తు కూడా పొంది, నోదు దేశంలో కాపురమున్నవాడు. ఆటలో నాడ్ సైన్యం పేరు అక్కడిదే. మొదటి ఆటలో కేన్‌ను పక్కనపెట్టి సొంత పెత్తనం చేయబోయిన అనుచరుడి పేరు సెత్. ఆదాము మూడో కొడుకు షేతు పేరది. అతను మాట్లాడుతుండగానే కేన్ వెనకనుంచి తలలో కాల్చి, అతని స్థానంలో తాను కూర్చుంటాడు. 2002లో వచ్చిన ‘రెనిగేడ్’లో నాడ్ ఆలయం లోపల హేబెలు పేరున్న సమాధి కనిపిస్తుంది. ఇన్ని ఆధారాలున్నాక, ఇతనే మొదటి హంతకుడనీ, చావు రాని శాపం మోస్తున్నాడనీ అభిమానులు అంటే తప్పేముంది?

దీనికి ఎదురువాదం కూడా అంతే బలంగా ఉంది. కేన్ ప్రచారంలో దిట్ట. మతాన్ని ఆయుధంగా వాడేవాడు తన పేరును, తన సైన్యం పేరును, చివరికి ఒక ఖాళీ సమాధిని కూడా అమర్చుకోగలడు. ఈ వాదం ప్రకారం బైబిల్ ఆధారాలన్నీ అతను పరిచినవే. మూడో వర్గం యంత్రం వైపు చూపిస్తుంది. 2000లో వచ్చిన ‘ఫైర్‌స్టార్మ్’ నాడ్ కథ చివర కేన్ శరీరం ఒక గాజు తొట్టిలో ఉంటుంది, కాబాల్ అనే కృత్రిమ మేధ అతనితో కలిసిపోతున్నట్టు అనిపిస్తుంది. అయితే తిరిగొచ్చింది మనిషా, నకలా, యంత్రం తొడుక్కున్న ముఖమా? నాలుగో వర్గం అతను అసలు ఈ భూమివాడే కాదంటుంది. ఇందులో ఒక్కటీ గాలిలో మేడ కాదు. ప్రతి వర్గమూ తెరమీద చూపించిన దృశ్యం దగ్గరే మొదలవుతుంది, మరో దృశ్యం దగ్గర ఇబ్బంది పడుతుంది. 1995 ఆటలో నాడ్ ఆలయాన్ని చివరి దెబ్బగా అయాన్ ఫిరంగితో కొడితే వేరే వీడియో వస్తుంది. అందులో పైనుంచి దిగే కాంతిని కేన్ భయం లేకుండా ఎదుర్కొంటాడు. ఆ ప్రశాంతత ఏమిటన్న దానికి నాలుగు వర్గాలూ నాలుగు అర్థాలు చెబుతాయి.

‘రెడ్ అలర్ట్’ గొడవ ఇంకా పెద్దది. 1996లో వచ్చిన ఆ ఆటలో ఐన్‌స్టీన్ 1924 నాటి జర్మనీకి వెళ్లి, జైలు నుంచి బయటికొస్తున్న హిట్లర్‌తో చేయి కలిపి, అతన్ని చరిత్రలోంచే మాయం చేస్తాడు. హిట్లర్ లేని లోకంలో స్టాలిన్ యూరప్ మీద పడతాడు. వెస్ట్‌వుడ్ దీన్ని టైబీరియం కథకు పూర్వకథగా మొదలుపెట్టింది. సోవియట్ కథలో స్టాలిన్ పక్కన ఒక సలహాదారు నిలబడి ఉంటాడు. అతను కేన్. చివర స్టాలిన్ అనుచరురాలు నాడియా అతనికి టీలో విషమిస్తుంది, కేన్ ఆమెను కాల్చేస్తాడు. ఇంతదాకా బాగానే ఉంది. కానీ ఐక్యరాజ్యసమితి, జీడీఐ ఉన్న లోకం రావాలంటే మిత్రపక్షాలు గెలవాలి. కేన్ గెలిచే దృశ్యమేమో సోవియట్ ముగింపులో ఉంది. పైగా 2000లో వచ్చిన ‘రెడ్ అలర్ట్ 2’ టైబీరియం ఊసే ఎత్తకుండా ఇంకో దారి పట్టింది.

దీన్ని సరిదిద్దడానికి అభిమానులు కాలాన్ని చీల్చారు. సోవియట్ గెలుపు టైబీరియం వైపు, మిత్రపక్షాల గెలుపు ‘రెడ్ అలర్ట్ 2’ వైపు వెళ్లాయని కొందరు. కాదు, మిత్రపక్షాల గెలుపు నుంచే రెండు కొమ్మలూ చీలాయని ఇంకొందరు. 2008లో మీరు తెచ్చిన ‘రెడ్ అలర్ట్ 3’లో సోవియట్లు 1927 బ్రస్సెల్స్ సోల్వే సదస్సుకు వెళ్లి ఐన్‌స్టీన్‌నే లేకుండా చేశారు. దాంతో అణుబాంబు పోయింది, జపాన్ సామ్రాజ్యం మూడో శక్తిగా లేచింది. అంటే ఒకసారి కాలయంత్రం వాడితే ఒక కొత్త లోకం పుడుతుందని మీ ఆటే ఒప్పుకుంది. కాలాన్ని చీల్చిన అభిమానులకు మీకు తెలియకుండానే మీరొక సాక్ష్యం ఇచ్చారు.

ఒక్కోసారి థియరీ గెలుస్తుంది. ఆ గెలుపు ఎందుకు తియ్యగా ఉంటుందో చెబితే నా వాదం తేలికవుతుంది. 1999లో వచ్చిన ‘టైబీరియన్ సన్’లో టైబీరియం మొక్కలను, జంతువులను, మనుషులను మార్చేస్తోంది. కూలిన గ్రహాంతర నౌక ఒకటి కనిపిస్తుంది. టాసిటస్ అనే గ్రహాంతర విజ్ఞాన భాండాగారం కోసం రెండు పక్షాలూ పాకులాడతాయి. ఈ ఆధారాలతో, టైబీరియం ఉల్కతో పొరపాటున వచ్చింది కాదని, ఎవరో విత్తారని, పండాక కోతకు వస్తారని ఊహించినవాళ్లు ఉన్నారు. 2007లో మీ ‘టైబీరియం వార్స్’ సరిగ్గా అదే చూపించింది. అప్పటికి భూమిలో 30 శాతం మనిషి బతకలేని ఎర్రమండలం, 50 శాతం కష్టంగా బతికే పసుపుమండలం, 20 శాతమే నీలిమండలం. సారాయెవోలోని ఆలయం మీద జీడీఐ అయాన్ ఫిరంగి పేల్చేలా కేన్ రెచ్చగొడతాడు. కిందున్న ద్రవ టైబీరియం పేలుతుంది. ఆ పేలుడును చూసి పంట పక్వానికి వచ్చిందనుకుని స్క్రిన్ అనే గ్రహాంతర జాతి కోతకు దిగుతుంది.

ఈ ఊహకు బలం మొదటి ఆట మొదటి నిమిషంలోనే ఉంది. ఆట మొదలవగానే మేం చేసే పని ఏమిటి? హార్వెస్టర్‌ను పంపి టైబీరియం కోసుకురావడం. ఆ పైకంతో ట్యాంకులు కట్టడం. నేలను తినేస్తున్న విషమే మా ఖజానా. మా సైనికులు అదే పొలం మీద నడిస్తే చస్తారు. తర్వాత పన్నెండేళ్లకు ఆకాశం నుంచి దిగినవాళ్లు చేసింది కూడా అదే పని, కాకపోతే గ్రహాల లెక్కన. ఆటగాడు తన చేత్తో చేసిన పనిలోంచే కథ రహస్యం బయటపడింది. ఇంతకంటే గొప్పగా ఆటలో కథ చెప్పడం నాకు తెలియదు. అది రచయితలు ముందే అనుకున్నదా, తర్వాత దొరికిందా అన్నది వేరే సంగతి. వెతకడానికి చోటు వదిలారు కాబట్టి మాకు దొరికింది.

ఇప్పుడు 2010 గురించి. ‘టైబీరియన్ ట్వైలైట్’లో కేన్ కథకు ముగింపు రాశారు. అతను వేల ఏళ్లుగా భూమ్మీద చిక్కుపడ్డవాడనీ, ఇన్ని యుద్ధాలూ తన తోవ తాను చూసుకోవడానికేననీ అర్థమయ్యేలా చెప్పి, స్క్రిన్ టవర్ గుండా పంపించేశారు. చాలామంది అభిమానులకు అది కొండను తవ్వి ఎలుకను పట్టినట్టనిపించింది. జవాబు తప్పని నేననను. నాలుగు వర్గాల్లో ఒకటి దాదాపు అదే చెబుతూ వచ్చింది. కానీ ఆ ఒక్క జవాబుతో మిగిలిన మూడింటి ఆధారాలు ఎందుకూ పనికిరాకుండా పోయాయి. హేబెలు సమాధి ఎందుకుంది? కాబాల్‌తో ఆ కలయిక ఏమైంది? జవాబులు లేవు. అదే ఆటలో స్థావరాల నిర్మాణాన్ని, హార్వెస్టర్ బతుకునూ తీసేశారు. రహస్యాన్ని మోసిన పనినీ, రహస్యాన్నీ ఒకే ఏడాది సాగనంపారన్నమాట. ఆ తర్వాత టైబీరియం కథ ముందుకు సాగలేదు.

‘ప్రేక్షకుడికి జవాబు కావాలి కదా’ అని మీ వాళ్లు అనవచ్చు. నిజమే, కొన్నిటికి కావాలి. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడని 2015లో మా రాష్ట్రాల్లోనే కాదు, దేశమంతా అడిగింది. రెండేళ్లకు రెండో భాగం జవాబిచ్చింది, జనం సంతోషించారు. ఎందుకంటే అది మొదటినుంచీ ఇస్తామన్న జవాబు. ఒకే కథ, ఒకే ముగింపు, మధ్యలో విరామం. కేన్ కథకు అలాంటి ఒప్పందం ఎప్పుడూ లేదు. పక్షానికో ముగింపు ఉన్న ఆటలో, మాటమాటకూ అబద్ధమాడగల నాయకుడిని పెట్టి, అతని గతాన్ని కావాలనే ముక్కలు ముక్కలుగా విసిరారు. అలాంటి కథలో ‘అసలు నిజం ఇదీ’ అని కంపెనీ ప్రకటిస్తే, రిఫరీ బంతి పట్టుకుని గోల్ కొట్టినట్టే.

మీరు మంచి పనులు చేయలేదని కాదు. 1998లో వెస్ట్‌వుడ్‌ను కొన్నదీ, 2003లో లాస్ వేగస్‌లోని ఆ స్టూడియోను మూసేసిందీ మీరే అయినా, 2020లో మొదటి రెండు ఆటలను పునరుద్ధరించినప్పుడు మర్యాదగా నడుచుకున్నారు. పాత వెస్ట్‌వుడ్ మనుషులు పెట్టిన పెట్రోగ్లిఫ్‌కు పని అప్పగించారు. అభిమానుల మండలితో సంప్రదించారు. పాత చిత్రీకరణ టేపుల్లో దొరికిన గంటల కొద్దీ దృశ్యాలను ఆటలో బహుమతులుగా దాచారు. అదే ఏడాది ఆ ఆటల కోడ్ కొంత, 2025 ఫిబ్రవరిలో మరికొన్ని ఆటల మూలకోడ్ జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద అందరికీ ఇచ్చారు. కోడ్ ఇస్తూ కేన్ ఎవరన్న తీర్పేమీ మీరు చెప్పలేదు. అయినా థియరీలు అల్లేవాళ్లకు అది పండగే. కోడ్ కూడా సాక్ష్యమే. టైబీరియం మీద చచ్చిన సైనికుడు విసరాయిడ్ అనే ముద్దగా మారవచ్చన్న నియమం ఏ ప్రసంగంలోనూ లేదు, ఆట నడిచే పద్ధతిలో ఉంది. ఇప్పుడు దాన్ని ఎవరైనా చదివి చూసుకోవచ్చు. ఇలాంటి పనినే ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లమంటున్నాను.

వెస్ట్‌వుడ్ కాలం నాటి కథా ముసాయిదాలు, దృశ్యాల స్క్రిప్టులు, చిత్రీకరించి వాడని భాగాలు, స్టూడియో మూతపడటంతో ఆగిపోయిన టైబీరియన్ మూడో భాగం ఆలోచనలు మీ దగ్గర ఏవి మిగిలి ఉంటే అవి ప్రచురించండి. తేదీలతో, ఉన్నవి ఉన్నట్టుగా, ఒకదానితో ఒకటి పొసగకపోయినా సరే. ‘ఇదే అధికారిక కథ’ అన్న ముద్ర మాత్రం దేనిమీదా వేయకండి. 1995లో రచయిత ఒకటి అనుకుని 1999లో ఇంకోటి అనుకుంటే, ఆ మార్పే మాకు కావలసిన చరిత్ర. ఆ కాగితాల మీద పేర్లున్న రచయితలు, కళాకారులు, ప్రోగ్రామర్లు బతికుండగానే అది జరిగితే వాళ్లకూ న్యాయం జరుగుతుంది.

రేపు కొత్త ఆట తీస్తే మీ రచయితలు అభిమానుల థియరీలకు కట్టుబడనక్కర్లేదు. ఓటింగు పెట్టి కేన్ ఎవరో తేల్చడం అన్నిటికంటే చెడ్డ దారి. వాళ్లు తమకు నచ్చిన కథ రాయనివ్వండి. కొత్త ప్రశ్నలు పుట్టే కథ రాయమనండి. పాతవాటికి తాళం వేయడమే కొత్త ఆట పని కాకూడదు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే ఆట అయితే అసలే వద్దు.

మా వైపు వాళ్లకూ ఒక మాట. థియరీ అంటే పట్టా కాదు. తెరమీద లేనిదాన్ని ఉన్నట్టు చెప్పేది థియరీ కాదు, ఎదురు ఆధారం చూపినవాణ్ని తిట్టేది అభిమానమూ కాదు. ఓడిపోవడానికి సిద్ధపడని ఊహ మీద పదేళ్లు వాదించినా ఒరిగేది లేదు. ఈ సంస్కృతిలో గొప్పవాళ్లు మరో పని చేశారు. ‘మొదటి యుద్ధంలో నాడ్ గెలిచి ఉంటే?’ అన్న ఒక్క ప్రశ్న పట్టుకుని ‘టైబీరియన్ సన్’ మీద ‘ట్విస్టెడ్ ఇన్‌సరెక్షన్’ అనే పూర్తి మోడ్ (అభిమానులు మార్చి చేసిన ఆట) కట్టారు. చెత్తబుట్టలో పడిన ముగింపుకు మళ్లీ ప్రాణం వచ్చింది. థియరీ చేతల్లోకి వస్తే అలా ఉంటుంది.

తెలుగు నేల మీంచి ఈ ఉత్తరం ఎందుకంటారా? 2000ల తొలి ఏళ్లలో హైదరాబాద్, విజయవాడ, విశాఖ నెట్ సెంటర్లలో, ఇంజనీరింగ్ హాస్టళ్ల లాన్ నెట్‌వర్క్‌లో ‘రెడ్ అలర్ట్ 2’, అదే వరసలోని ‘జనరల్స్’ ఆడిన తరం ఒకటుంది. మాలో చాలామందికి దొరికినవి సైజు తగ్గించడానికి వీడియోలు పీకేసిన రిప్ కాపీలు. కథ లేదు, మిషన్లే ఉన్నాయి. ఎవడు ఎవణ్ని ఎందుకు కొడుతున్నాడో మిషన్ పేరుబట్టి, పటం బట్టి మేమే ఊహించుకున్నాం. తర్వాత అసలు వీడియోలు చూసినప్పుడు మా ఊహల్లో కొన్ని నిలిచాయి, కొన్ని కూలాయి. నిలిచినవీ కూలినవీ రెండూ మమ్మల్ని ఆ ఆటకు కట్టేశాయి. మీ మార్కెటింగ్ వాళ్లు కొనలేని సరుకు అది. వీడియోలు లేని కాపీతోనే ఇంత పని జరిగిందంటే, ముసాయిదాలు చేతికొస్తే ఎంత జరుగుతుందో మీరే ఆలోచించండి.

కాబట్టి కొత్త యజమానులు పుస్తకాలు తిరగేసేటప్పుడు, ‘కమాండ్ అండ్ కాంకర్’ పేరు ఎదురుగా ఉన్న కాగితాల పెట్టెలకు ఒక ఆర్కైవిస్టును నియమించండి. ఏవి ఉన్నాయో ముందు ఒక జాబితా ప్రకటించండి. హక్కుల చిక్కు లేనివాటితో మొదలుపెట్టండి. కేన్ ఎవరన్న సంగతి మాకు వదిలేయండి. మేం మరో 30 ఏళ్లు పోట్లాడుకుంటాం, ఆ 30 ఏళ్లూ మీ ఆట ఎవరో ఒకరి కంప్యూటర్లో నడుస్తూనే ఉంటుంది.

ఇట్లు,
తెలుగు నేల నుంచి ఒక పాత కమాండర్